తిరిగొచ్చిన కుక్కకు పది నిమిషాలు

(రేడియో మహిళా కార్యక్రమ ప్రసంగ పాఠం)



ఈవేళ కుక్కల ఒంటి సంరక్షణ గురించి మాట్లాడుకుందాం. ఆ మాట వినగానే కొందరు నవ్వుకుంటారని నాకు తెలుసు. "పిల్లల తలలు దువ్వడానికే తీరిక లేదు, ఇంకా కుక్కకు దువ్వెన ఒకటా!" అంటారు. సోఫా మీద పడుకుని, మెడకు రిబ్బను కట్టించుకుని, కారు కిటికీలోంచి లోకాన్ని చూసే కుక్కల సంగతి వేరు. వాటికి చేసేవాళ్ళు చేస్తారు. నేను చెప్పబోయేది, పొద్దున్నే గేటు తీయగానే బాణంలా దూసుకుపోయి చెరువు కట్ట మీదా, ఖాళీ ప్లాట్ల తుప్పల్లోనూ, ఫ్యాక్టరీ ప్రహరీల వెంటా తిరిగి తిరిగి, ఎండెక్కాక నాలుక వేలాడేసుకుని ఇంటికి చేరే కుక్కల గురించి. రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు, ఇస్నాపూర్ మీదుగా సంగారెడ్డి దాకా, ఇటు బొల్లారం, జిన్నారం వైపు కాలనీల్లో కాపురం ఉన్న మనకు ఇలాంటివే ఎక్కువ. ఒక పక్క ఫ్యాక్టరీ, ఇంకో పక్క పత్తి చేను, నడుమ మన ఇల్లు.

కుక్కను ఇంటికి తెచ్చేది సాధారణంగా మగపిల్లలో, వాళ్ళ నాన్నగారో. "అంతా నేను చూసుకుంటాలే" అన్న మాట ఒక నెల నిలుస్తుంది. ఆ తరువాత దాని గిన్నెలో అన్నం పెట్టేదీ, చెవుల్లో పిడుదులు ఏరేదీ ఎవరో నేను వేరే చెప్పాలా? అందుకని ఈ విషయం మన కార్యక్రమంలో చెప్పుకోవడమే సబబు.

ముందుగా ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. మనం బయటి నుంచి వస్తే కాళ్ళు కడుక్కుంటాం. కుక్క కాళ్ళు నాక్కుంటుంది. దానికి చెంబూ, సబ్బూ, తువ్వాలూ అన్నీ ఆ నాలుకే. కాబట్టి పగలంతా దాని వెంట్రుకలకు ఏదేది అంటుకుందో, అందులో చాలా భాగం సాయంత్రానికి దాని కడుపులోకి చేరుతుంది. మిగిలినది మీ దుప్పటికీ, చంటిపిల్లవాడి చేతికీ అంటుతుంది. ఆకుకూర తెచ్చి కడగకుండా కూర వండుతామా? కుక్క ఒళ్ళు శుభ్రం చేయడం కూడా అలాంటి పనే. అందం దాని వెనకాలే వస్తుంది.

మరి మన వైపు కుక్క ఒంటికి ఏమేమి అంటుకుంటాయి? ముందు నీళ్ళ మాట చెబుతాను.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల మందుల ఫ్యాక్టరీలు, రసాయనాల ఫ్యాక్టరీలు వరసగా వెలిశాయి. వాటి మురుగునీరు వాగుల్లో, చెరువుల్లో కలిసి పొలాలు పాడైపోతున్నాయన్న గొడవ 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1994లో ఫ్యాక్టరీల మురుగునీటిని ఒకచోట చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం పటాన్‌చెరులో ఏర్పడింది. అంతటితో బెంగ తీరిందనుకున్నారు. కాని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు, ఆ కేంద్రంలో శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిని పరీక్షించి ఒక లెక్క ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందట. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ! ఆ నీటిని తరువాత పైపుల ద్వారా అంబర్‌పేటకు పంపే ఏర్పాటు జరిగింది. అయినా వాగు నీరు తేటగా కనిపించినంత మాత్రాన మంచిదని నమ్మడానికి లేదు.

నీళ్ళు కనబడితే కుక్క ఆగదు, ముఖ్యంగా లాబ్రడార్ జాతి. తడిసి వచ్చిందనుకోండి, లోపలికి రానివ్వకుండా బయట కుళాయి దగ్గరే కట్టేయండి. అది నాక్కోవడం మొదలుపెట్టక ముందే మంచి నీళ్ళు ధారగా వీపు మీంచి కిందికి పోయండి. పొట్ట కింద, తొడల సందున, వేళ్ళ నడుమ కూడా. ఘాటైన వాసనో, జిడ్డో, రంగో కనిపిస్తే చేతులకు పాత ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని కుక్కల షాంపూతో రుద్ది, చాలాసేపు నీళ్ళు పోయాలి. చర్మం ఎర్రబడినా, చొంగ కారుస్తున్నా, కాళ్ళు తడబడుతున్నా పశువుల ఆసుపత్రికి తీసుకుపోయి, ఎక్కడ తిరిగి వచ్చిందో వివరంగా చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుగారికి సగం పని తగ్గిస్తుంది.

ఇంకొకటి. మందులు కలిసిన నీళ్ళల్లో మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరుగుతాయి. కుక్క ఒంటిమీద పుండు పడితే ఇంట్లో మిగిలిపోయిన మాత్రల పట్టీలోంచి ఒకటి తీసి పెరుగన్నంలో కలిపి పెట్టడం చాలామందికి అలవాటు. దయచేసి ఆ పని చేయకండి. అరకొర మోతాదుకు పుండు మానదు, పైగా రేపు అసలు మందు వేసినా పనిచేయకుండా పోవచ్చు.

సంగారెడ్డి సోదరీమణులకు ప్రత్యేకంగా ఒక మాట. మంజీర నది మీద 1978 నుంచి అభయారణ్యం ఉంది, దాంట్లో మొసళ్ళున్నాయి. అక్కడ కుక్క ఈతకు దిగితే అది ఒంటి సంరక్షణ కిందికి రాదు!

ఇప్పుడు నాకు అన్నిటికంటే కష్టంగా తోచే విషయానికి వస్తాను. గజ్జి పట్టి వెంట్రుకలు రాలిపోయిన కుక్క కనబడగానే, "మెకానిక్ షెడ్డుకు పోయి కాలిపోయిన ఇంజను ఆయిలు తెచ్చి పూయండి, వారంలో తగ్గిపోతుంది" అని చెప్పేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. లారీ షెడ్లూ, వర్కుషాపులూ అడుగడుగునా ఉన్న మన వైపు ఆ నూనెకు కరువు లేదు, డబ్బు కూడా అడగరు. ఇలా పూసేవాళ్ళు కుక్కలంటే గిట్టనివాళ్ళు కారు. జాలిపడే పూస్తారు. డ్యూటీ దిగి వస్తూ వీధికుక్కకు బిస్కెట్లు వేసే మనిషే మర్నాడు నూనె డబ్బాతో వస్తాడు.

గజ్జికి కారణం కంటికి కనబడనంత చిన్న పురుగు. చర్మంలోకి తొలుచుకుని పోతుంది. నూనె పూస్తే దానికి ఊపిరాడదని మనవాళ్ళ ఊహ. కాని ఆ నూనె ఇంజనులో వేల మైళ్ళు మరిగి వచ్చిన నూనె. అరిగిన లోహపు పొడి, మసి, కాలిన రసాయనాలు అన్నీ అందులో చేరి ఉంటాయి. కుక్క చర్మం మన చర్మం కంటే పలచన, పైగా అప్పటికే గోకి గోకి పుండై ఉంటుంది. అందులోంచి కొంత ఒంట్లోకి ఇంకుతుంది. తక్కినది నాలుకతో లోపలికి పోతుంది. చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, వాంతులవుతాయి, కాలేయానికీ మూత్రపిండాలకూ దెబ్బ తగులుతుంది. "ఫలానా వాళ్ళ కుక్కకు తగ్గింది కదా!" అంటారు. తగ్గిన కుక్క కళ్ళెదుట తిరుగుతుంది కనుక లెక్కకు వస్తుంది. తుప్పల్లోకి పోయి పడుకున్నదాన్ని ఎవరు లెక్కపెడతారు?

కిరోసిను, గంధకం కలిపిన నూనెలు, ఫినాయిలు, నీళ్ళు కలపని డెట్టాలు – వీటన్నిటికీ ఇదే మాట. ఇవాళ గజ్జికి నమిలించే మాత్రలున్నాయి, ఇంజెక్షన్లున్నాయి. డాక్టరు చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శినిలో చూసి ఏ పురుగో చెబుతారు. ఆ చూడడం అవసరం, ఎందుకంటే గజ్జి రెండు రకాలు. ఒకటి పిల్లలకూ మనకూ అంటుకుని కొన్నాళ్ళు దురద పెడుతుంది, రెండోది అంటదు. అసలది గజ్జి కాక తామర కావచ్చు, అదీ పిల్లలకు అంటేదే. గజ్జికీ తామరకూ మందులు వేరు.

ఎవరో తెలియక మీ కుక్కకు ఆ నూనె పూశారనుకోండి. కంగారుపడి కిరోసినుతో తుడవకండి. నాక్కోకుండా మూతి పట్టుకుని, ముందు గుడ్డతో అద్ది తీయండి. ఆ పైన వంటనూనె కొద్దిగా రాసి జిడ్డు వదిలించి, గిన్నెలు తోమే పలచని ద్రవపు సబ్బుతో రెండు మూడు సార్లు కడగండి. వాంతి చేయించే ప్రయత్నం మాత్రం చేయకూడదు. తరువాత ఆసుపత్రికి.

ఇక పిడుదుల సంగతి. కొందరు గోమార్లంటారు. వీటి విషయంలో మన ఆడవాళ్ళకు చెప్పేదేముంది, పిల్లల తలల్లో పేలు చూసిన చేతులే ఇవి! అదే ఓపిక, అదే వెలుతురు కావాలి. చెవి లోపలి మడతల్లో, మెడపట్టీ కింద, చంకల్లో, వేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వేళ్ళతో తడిమి చూడండి. మినపగింజ అంత గట్టిగా ఏదైనా తగిలితే వెంట్రుకలు పాయతీసి చూడండి. చిన్న పట్టకారు తీసుకుని, చర్మానికి ఆనుకుని తల దగ్గర పట్టి, మెలితిప్పకుండా నిదానంగా తిన్నగా లాగాలి. అగ్గిపుల్లతో కాల్చడం, కిరోసిను చుక్క వేయడం మంచిది కాదు. వేళ్ళతో చిదమకండి, సబ్బునీళ్ళ సీసాలో వేయండి.

"ఆదివారం అన్నీ ఏరేశాను, మళ్ళీ ఆదివారానికి తయారు" అని చాలామంది విసుక్కుంటారు. దానికి కారణముంది. ఆడ పిడుదు కడుపునిండా రక్తం తాగాక కుక్కను వదిలేసి గోడ ఎక్కుతుంది. తలుపు చట్రం వెనకాలో, నాపరాళ్ళ సందులోనో, పరదా మడతలోనో చేరి వేలల్లో గుడ్లు పెడుతుంది. ఆ గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు మళ్ళీ కుక్క మీదికే ఎక్కుతాయి. తిండి దొరకకపోయినా ఎదిగిన పిడుదు నెలల తరబడి బతికి ఉంటుంది. అంటే కుక్క మీద కనిపించేవి కొన్నే, తక్కినవి ఇంట్లో ఉన్నాయన్నమాట. కాబట్టి కుక్క పడుకునే గోనెపట్టాను మరిగిన నీళ్ళలో తడిపి ఉతికి ఎండలో వేయాలి. గోడల పగుళ్ళు సిమెంటుతో పూడ్పించాలి. మంచాల కింద, తలుపుల మూలల్లో చీపురు పుల్లతో గీకి ఊడ్వాలి.

పిడుదు రక్తం తాగడంతో ఊరుకోదు. రక్తకణాలను పట్టే జ్వరాలను కుక్కకు అంటిస్తుంది. హుషారుగా తిరిగే కుక్క అన్నం ముట్టకుండా మూల పడుకుంటే, ఒళ్ళు కాలుతూ ఉంటే, పెదవి ఎత్తి చూసినప్పుడు చిగుళ్ళు పాలిపోయి ఉంటే, పొట్ట మీద ఎర్రని చుక్కలో, ముక్కు నుంచి రక్తమో కనిపిస్తే "ఎండదెబ్బ తగిలింది, మజ్జిగ పడదాం" అని ఆగకండి. రక్తపరీక్ష చేయించి సకాలంలో మందు మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. పోయేవి ఎక్కువగా ఆలస్యం వల్ల పోయేవే.

పిడుదులకు నెలకొకసారి, మూడు నెలలకొకసారి నమిలించే మాత్రలు వచ్చాయి. ఖరీదు కొంచెం ఎక్కువే. కాని జ్వరం వచ్చాక అయ్యే ఖర్చుతో పోల్చి చూడండి. మూర్ఛలు వచ్చే కుక్కకైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. గేదెలకు చల్లే మందు పాలవాణ్ణి అడిగి తెచ్చి కుక్కకు పోయడం మన వైపు ఉంది. మోతాదు తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో పిల్లి కూడా ఉన్నవారు మరీ జాగ్రత్త. కుక్క మెడ మీద చుక్కలుగా వేసే కొన్ని మందుల్లో పర్మెత్రిన్ ఉంటుంది. కుక్కకు పడే ఆ మందు పిల్లికి విషం.

దువ్వడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పొట్టివెంట్రుకల నాటు కుక్కకు వారానికి రెండుసార్లు గరుకు గుడ్డతో రుద్దినా చాలు. పొడుగు వెంట్రుకలున్నవాటికి రోజూ దువ్వెన పడాలి. పల్లేరుకాయలూ, ఉత్తరేణి గింజలూ, బట్టలకు గుచ్చుకునే గడ్డి ముళ్ళూ ఏరకపోతే ఉండ కడతాయి. గడ్డి ముల్లు మరీ చెడ్డది. వేళ్ళ సందున దిగి లోపలికి నడుచుకుంటూ పోయి చీము పట్టిస్తుంది. కుక్క అదే పనిగా ఒకే పాదాన్ని నాకుతున్నా, తల ఒక పక్కకే విదిలిస్తున్నా అనుమానించండి. మరొకటి, ఖాళీ ప్లాట్లనిండా పెరిగే వయ్యారిభామ మీద దొర్లి వస్తే ఆ పుప్పొడి కుక్క వెంట ఇంట్లోకి వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆ మొక్క పడకపోతే వారి చేత కుక్కను దువ్వించకండి.

వేసవి రాగానే పొమేరియనుకూ, అల్సేషియనుకూ నున్నగా గొరిగించేవారున్నారు. పాపం చల్లగా ఉంటుందని. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, పాదాల అడుగున తప్ప. అది నాలుక చాపి ఒగర్చి ఒళ్ళు చల్లబరచుకుంటుంది. పైవెంట్రుకలు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా గొడుగు పట్టినట్టు కాపాడతాయి. లోపలి మెత్తని నూగును దువ్వి తీసేస్తే గాలి ఆడుతుంది, అది చాలు. గొరిగిన జుట్టు ఒక్కోసారి సరిగా తిరిగి రాదు కూడా.

స్నానం రోజూ అక్కరలేదు. మూడు నాలుగు వారాలకొకసారి షాంపూతో, నడుమ బురద అంటినప్పుడల్లా వట్టి నీళ్ళతో. మనం వాడే సబ్బులు వద్దు, కుక్క చర్మం తీరు వేరు. కుంకుడురసం కంట్లో పడితే ఎంత మంటో మనకు తెలిసిందే, నోరులేని జీవానికి అది వద్దు. తలకు రాసినట్టు కొబ్బరినూనె రాయడం కూడా వృథా. సగం దుమ్ము పట్టుకుంటుంది, సగం కుక్క తాగేస్తుంది. స్నానానికి ముందే దువ్వాలి, ఎందుకంటే తడిస్తే చిక్కు బిగుసుకుంటుంది. వానాకాలం మాత్రం తడి వెంట్రుకలతో వదలకండి. పైకి ఆరినట్టున్నా లోపలి నూగు చెమ్మగా ఉండి ఒక్క రాత్రిలో రూపాయి బిళ్ళంత పుండు పడుతుంది. చెవులు వాలి ఉండే కుక్కకు చెవి లోపల కూడా మెత్తని గుడ్డతో అద్దాలి.

ఇక్రిశాట్ పొలాల్లో ఉన్నట్టే మన చుట్టుపక్కల కూడా ఎర్రనేలా నల్లరేగడీ రెండూ ఉన్నాయి. ఎర్రమట్టి దులిపితే పోతుంది. నల్లరేగడి వేళ్ళ సందున ఎండి రాయిలా గట్టిపడుతుంది. లాగకుండా గోరువెచ్చని నీళ్ళలో కాలు పెట్టించి నాననివ్వండి. తారు అంటితే వంటనూనె రాసి మెత్తబడ్డాక సబ్బు. పత్తికి మందు కొట్టే రోజుల్లో కుక్కను చేలవైపు వదలకండి. చేలోంచి వచ్చిన కుక్క చొంగ కారుస్తూ వణుకుతుంటే, కడగడం ఒకరు, ఆటో పిలవడం ఒకరు చేయాలి. అక్కడ ఆలస్యానికి తావు లేదు.

వెంట్రుక నిగనిగలాడాలంటే సగం పని గిన్నెలో ఉంది. కుక్క తిన్న మాంసకృత్తుల్లో దాదాపు నాలుగో వంతు చర్మానికీ వెంట్రుకలకే ఖర్చవుతుంది. పొద్దూ మాపూ పెరుగన్నమే పెడితే అది ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? మాంసం తినని ఇళ్ళల్లో ఉడికించిన గుడ్డుకైనా ఒప్పుకోండి. వంటగదిలోకి రానివ్వనంటే పెరట్లో వేరే పొయ్యి పెట్టుకోవచ్చు. అదీ వద్దంటే బజారులో దొరికే కుక్కల మేత ఉంది.

ఇదంతా ఎప్పుడు చేస్తామంటారా? బయటి నుంచి వచ్చిన వెంటనే, గుమ్మం దాటక ముందు, పది నిమిషాలు. గేటు దగ్గర ఒక పాత తువ్వాలు, దువ్వెన, పట్టకారు, సబ్బునీళ్ళ సీసా ఒక బుట్టలో పెట్టి ఉంచండి. వెతుక్కునే శ్రమ ఉంటే ఏ పనీ సాగదు. పదేళ్ళు దాటిన పిల్లలుంటే దువ్వెన వాళ్ళ చేతికివ్వండి. "నేను చూసుకుంటాలే" అన్నవారికి పిడుదుల పని అప్పజెప్పండి! వాచ్‌మన్ దగ్గర చేరిన కుక్కకూ, వీధిలో మీ గేటు ముందు పడుకునేదానికీ ఇంత చేయలేకపోవచ్చు. కనీసం డబ్బా పట్టుకుని నూనె పూయడానికి వచ్చినవారిని ఆపి, ఆసుపత్రి దారి చూపించండి.

పాల లెక్క రాసుకునే క్యాలెండరు ఉంటుంది కదా, పిడుదుల మాత్ర వేసిన తేదీ దాని మీదే రాసిపెట్టండి. ఆ పక్కనే రేబీస్ టీకా తేదీ. కుక్క ఒంటిమీద చెయ్యి వేసి చేసే ఈ పనులన్నీ ఆ టీకా వేయించిన తరువాతే సుమా.